అద్దె ఇంట్లో డ్యామేజీ: డిపాజిట్లోంచి ఎంత కొయ్యొచ్చు, ఎంత మనమే భరించాలి?

తాళంగుత్తి:

అద్దెకిచ్చే ఇళ్ళు మూడున్నాయి. ఒకదాంట్లో నాలుగేళ్ళుగా ఉన్నవాళ్ళు వచ్చే నెలాఖరుకి ఖాళీ చేస్తున్నారు. ఇల్లు ఒకసారి చూసుకుంటే కనబడ్డవి ఇవీ: హాలు గోడకి డజను దాకా మేకుల చిల్లులు, పడగ్గది తలుపుకి పిడికిలంత బొక్క, వంటింటి సింక్ కింద కప్‌బోర్డ్ అడుగు చెక్క ఉబ్బిపోయి పొరలు లేచింది, చిన్న గది మూలలో నేల నుంచి మోకాలి ఎత్తు వరకు నల్ల మచ్చలు, గోడలన్నీ వెలిసిపోయాయి.

వీటిలో దేనికి డబ్బు పట్టుకోవచ్చు, ఎంత? ఇన్సూరెన్స్‌కి వెళ్ళదగ్గవి ఏమైనా ఉన్నాయా? వచ్చేవాళ్ళతో ఇదే తంతు మళ్ళీ రాకుండా ఏం చేసుకోవాలి? "మంచి టెనెంట్‌ని చూసుకోండి" లాంటి సలహాలు చాలా విన్నాను, లెక్కలు తెలిసినవాళ్ళు చెప్పండి.

గోడగడియారం:

ముందు మూడు కుప్పలుగా విడదీయండి: వాడకంలో అరిగినవి, వాళ్ళు పాడుచేసినవి, ఇల్లు తనంతట తాను పాడైనవి. ఓనర్లు ఎక్కువగా గొడవల్లో ఇరుక్కునేది మూడోదాన్ని రెండోదాంట్లో కలిపేసి.

రంగు వెలవడం మొదటి కుప్ప. లోపలి రంగుకి ఐదేళ్ళ ఆయుష్షు వేసుకుంటే నాలుగేళ్ళు అయిపోయాయి, మిగిలింది ఐదో వంతు. పిల్లలు మార్కర్లతో గీసిన గోడ ఉందనుకుందాం, అప్పుడు కూడా ఆ ఒక్క గోడ ఖర్చులో ఐదో వంతే అడగగలరు, ఇల్లంతా రంగు వేయించిన బిల్లు కాదు. ఆ రంగు వాళ్ళు చేరడానికి ఏడాది ముందో, అంతకంటే ముందో వేయించినదైతే అదీ సున్నా. రంగు వేసిన తేదీ కాగితం మీద లేకపోతే వాదించకండి.

చిన్న మేకుల చిల్లులు కూడా వాడకమే. గోడలోకి ప్లాస్టిక్ ప్లగ్ దించి స్క్రూ బిగించిన 8 మిల్లీమీటర్ల రంధ్రాలు, చుట్టూ ప్లాస్టర్ పెచ్చులూడినవి వేరు. వాటిని పూడ్చే కూలి అడగవచ్చు, అగ్రిమెంట్‌లో డ్రిల్లింగ్ గురించి ఒక ముక్క రాసి ఉంటే ఇంకా గట్టిగా.

తలుపు మాత్రం కచ్చితంగా డ్యామేజీ. లోపల డొల్లగా ఉండే తలుపుకి బొక్క పడితే ఎంత పుట్టీ పెట్టినా పక్క నుంచి వెలుతురు పడగానే మచ్చ తెలుస్తుంది, మార్చడమే దారి. ఇక్కడా లెక్క అంతే: తలుపు ఆయుష్షు 20 ఏళ్ళనుకుని, ఇప్పటికి 8 ఏళ్ళు వాడి ఉంటే, మిగిలిన 12 ఏళ్ళ విలువ, అంటే కొత్త తలుపు ఖర్చులో 60 శాతం. పాత తలుపుకి కొత్త తలుపు ధర మొత్తం పట్టుకుంటే ఫిర్యాదు వెళ్ళిన చోట ముందు తేలిపోయేది అదే. అయితే ఈ అరుగుదల లెక్క కొత్త వస్తువుతో మార్చినప్పటికే. ఉన్నదాన్ని బాగుచేయించారు, ఉదాహరణకి ఊడిన బందు మళ్ళీ బిగించారు, అనుకుంటే కూలి మొత్తం అడగవచ్చు. ఎందుకంటే దాంతో మీ చేతికి కొత్త వస్తువేమీ రాలేదు.

సింక్ కింద చెక్కా, మూల మచ్చలూ మూడో కుప్పలోకి వచ్చే అవకాశం ఎక్కువ. కారణం తేలకుండా వాటి మీద అంకె వెయ్యకండి.

ఇక కాగితం. కోత పెట్టే ప్రతిదానికీ నాలుగు ముక్కలుండాలి: ఏ గదిలో ఏ వస్తువు; చేరినప్పటి ఫోటో, వెళ్ళేటప్పటి ఫోటో ఒకే కోణంలో; ఖర్చు బిల్లు; అరుగుదల తీసేశాక మిగిలిన మొత్తం. "క్లీనింగ్, రిపేర్లు: ఇంత" అని ఒకే లైను రాస్తే నిలబడదు. గొడవ లేని మొత్తాన్ని వెంటనే తిరిగి ఇచ్చేయండి, మిగతాదాని మీదే మాట్లాడుకోండి. తిరిగి ఇవ్వడానికి గడువు చోటును బట్టి మారుతుంది. కొన్ని చోట్ల ఒక్కరోజు దాటినా కోసుకునే హక్కే పోతుంది కాబట్టి మీ చోట రూలు ముందే చూసుకుని క్యాలెండర్‌లో పెట్టుకోండి.

చేరినప్పటి ఫోటోలు లేవంటే మాత్రం, తలుపు తప్ప ఇంక దేని జోలికీ వెళ్ళొద్దనే చెప్తాను. నోటి మాట నీటి మూట.

పానా_నంబర్_పది:

సింక్ సంగతి నేను చెప్తాను. కప్‌బోర్డ్‌ది పొట్టు అతికించి నొక్కిన చెక్క. ఒకసారి నీళ్ళు పీల్చి ఉబ్బితే ఆరినా మునుపటి మందానికి రాదు. కానీ అది ఎన్నాళ్ళుగా తడుస్తోంది అన్నదాని మీద డబ్బు ఎవరిదన్నది ఆధారపడుతుంది. నిన్నమొన్న ఒలికిన నీళ్ళయితే అంచు మాత్రమే లేస్తుంది. పొరలు విడి, కింద నల్లబడి, స్క్రూలు తుప్పు పట్టి ఉంటే నెలల నాటి కారుడు.

ఎక్కడ కారుతోందో ఇలా పట్టుకోండి. కుళాయి సన్నగా తిప్పి కింద చూస్తే ఏమీ కనబడదు, ఎందుకంటే డ్రైనేజీ గొట్టంలో ప్రెషర్ ఉండదు, నీళ్ళు ఒక పక్కగా జారిపోతాయి. సింక్‌కి మూత పెట్టి పై అంచు దాకా నింపండి. కింద గొట్టాలన్నీ గుడ్డతో పొడిగా తుడవండి. ఒక్కసారిగా మూత లాగండి. నీళ్ళు గొట్టం నిండా దిగుతున్నప్పుడే ఒక్కో నట్ చుట్టూ పొడి టిష్యూ తిప్పండి, కంటికి కనబడని చెమ్మ కాగితం మీద కనబడుతుంది. తడి వచ్చిన నట్ విప్పితే చాలాసార్లు రబ్బరు వాషర్ తిరగేసి ఉంటుంది. దాని ఏటవాలు వైపు జాయింట్ లోపలికి ఉండాలి, చదును వైపు నట్‌కి ఆనాలి. ప్లాస్టిక్ నట్‌ని చేత్తో బిగించి, ఆ మీద పావు చుట్టు, అంతే. పానాతో బలం పెడితే నట్ చిట్లుతుంది, చిట్లింది వెంటనే కారదు, మూడు నెలల తర్వాత కారుతుంది.

వాషర్ తిరగేసి పెట్టింది మీ ప్లంబర్ అయితే తప్పు మీది. అద్దెకున్నవాళ్ళు చూసి కూడా చెప్పకుండా వదిలేశారని తేలితే పెరిగిన నష్టం మేరకు వాళ్ళది. అందుకే అగ్రిమెంట్‌లో "నీటి కారుడు, చెమ్మ కనబడితే 24 గంటల్లో రాతపూర్వకంగా తెలపాలి" అన్న వాక్యం ఉండాలి, వాట్సాప్ మెసేజ్ కూడా రాతే అని అందులోనే రాయండి. చెప్పగానే మీరు రాకపోతే ఆ వాక్యం మీకే చుట్టుకుంటుంది, అది వేరే సంగతి.

టెనెంట్లు గోడలు బద్దలు కొడతారని భయపడతారు గానీ ఇంటికి నిజంగా దెబ్బ కొట్టేది నీళ్ళు. తడిసిన చోట 24 నుంచి 48 గంటల్లో బూజు మొదలవుతుంది. కాబట్టి ఇల్లు ఖాళీగా ఉన్న వారంలో ఇవి చేసేయండి. వాషింగ్ మెషీన్‌కి వెళ్ళే రబ్బరు గొట్టాలు ఐదేళ్ళు దాటితే మార్చేసి స్టీల్ అల్లిక ఉన్నవి పెట్టండి. తోట కుళాయికి ప్రెషర్ గేజ్ బిగించి చూడండి. 80 పీఎస్ఐ, అంటే సుమారు 5.5 బార్ దాటితే ప్రెషర్ తగ్గించే వాల్వ్ పెట్టించాలి, లేకపోతే ఎన్ని గొట్టాలు మార్చినా పగులుతూనే ఉంటాయి. ఫ్లష్ ట్యాంక్‌లో నాలుగు చుక్కల ఫుడ్ కలర్ వేసి 20 నిమిషాలు ఆగండి, బేసిన్‌లోకి రంగు దిగితే లోపలి రబ్బరు బిళ్ళ పోయినట్టు. స్నానాల గదిలో నల్లబడ్డ సిలికాన్ మీద కొత్త సిలికాన్ పూయకండి, పాతదాని మీద కొత్తది అతుక్కోదు. మొత్తం బ్లేడుతో తీసి, స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక వేసి, 24 గంటలు నీళ్ళు తగలనివ్వకండి.

మెయిన్ వాల్వ్ దగ్గర ఒక ట్యాగ్ కట్టి, తాళాలు ఇచ్చే రోజున టెనెంట్ చేతే ఒకసారి తిప్పించండి. అర్ధరాత్రి గొట్టం పగిలితే మీకు ఫోన్ చేసే ముందు వాళ్ళు చెయ్యాల్సింది అదే.

పాలసీ_చదివినవాడు:

ఇన్సూరెన్స్ గురించి. మీ జాబితాలో క్లెయిమ్ చెయ్యదగ్గది ఒక్కటీ లేదు. హఠాత్తుగా, అనుకోకుండా జరిగిన నష్టానికే పాలసీ. గొట్టం పగిలి రాత్రికి రాత్రి నేలంతా మునిగితే చెల్లుతుంది; అదే గొట్టం ఏడాదిగా కారి చెక్క కుళ్ళితే "నిదానంగా జరిగిన నష్టం, నిర్వహణ లోపం" అని తోసేస్తారు. అరుగుదల, బూజు, పురుగులు కూడా సాధారణంగా బయటే.

తలుపు బొక్క కావాలని చేసిందే అయినా, కొన్ని పాలసీల్లో అద్దెదారు కావాలని చేసిన డ్యామేజీ విడిగా కొనుక్కునే కవర్. ఉన్నా కూడా లెక్క చూసుకోండి. మీరు ముందుగా భరించాల్సిన భాగం ఒక నెల అద్దెంత, నష్టం ఒకటింపావు నెల అద్దెంత అనుకుందాం. చేతికొచ్చేది పావు నెల అద్దె. దానికోసం క్లెయిమ్ చరిత్రలో ఒక గీత, రెన్యువల్‌లో ప్రీమియం పెరుగుదల. చిన్నవి జేబులోంచే పెట్టుకోండి, ఇల్లు కాలిపోయే స్థాయి వాటికి పాలసీ ఉంచుకోండి.

పాలసీ కాగితాల్లో వెతకాల్సినవి: ఒకటి, ఇల్లు అద్దెకిచ్చినట్టు వాళ్ళ రికార్డులో ఉందా? సొంతానికి ఉంటున్నామని తీసుకున్న పాలసీ మీద అద్దెకిస్తే క్లెయిమ్ మొత్తమే కొట్టేసే ప్రమాదం ఉంది. రెండు, ఖాళీగా ఉన్న ఇంటికి షరతు. వరసగా 30 లేదా 60 రోజులు ఎవరూ లేకపోతే నీటి నష్టం, దొంగతనం లాంటివి కవర్ కావని చాలా పాలసీల్లో ఉంటుంది. ఒక టెనెంట్ వెళ్ళి ఇంకొకరు వచ్చే మధ్యలోనే ఇది కరుస్తుంది. మూడు, నష్టపరిహారం కొత్త వస్తువు ధరకా, తరుగు పోగా మిగిలిన విలువకా. నాలుగు, "అద్దె నష్టం" అంటే ఏమిటి. ప్రమాదం వల్ల ఇల్లు ఉండటానికి పనికిరానప్పుడు వచ్చే అద్దె నష్టం అది. టెనెంట్ అద్దె ఎగ్గొడితే ఇచ్చేది కాదు, దానికి వేరే పాలసీ.

మీ పాలసీ వాళ్ళ టీవీకి, బట్టలకి వర్తించదు. ఈ ఒక్క విషయం చేరేముందే చెప్పి, వాళ్ళ సామానుకి వాళ్ళే పాలసీ తీసుకోమనండి. లేకపోతే పైకప్పు కారిన రోజు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

క్లెయిమ్ చేసే పరిస్థితి వస్తే ముందు నీళ్ళు ఆపండి, నష్టం పెరగకుండా చూడటం మీ బాధ్యత. ఆ తర్వాత ఫోటోలు. పారేసేముందు పగిలిన ఆ గొట్టం ముక్కని కవర్లో వేసి దాచండి. తయారీ లోపమైతే కంపెనీ దగ్గర్నుంచి వసూలు చేసుకోవడానికి ఇన్సూరెన్స్ వాళ్ళు అడుగుతారు, మీ దగ్గర లేకపోతే అనవసరంగా అనుమానాలు.

తాళంగుత్తి:

చాలా థాంక్స్ అండీ. చేరినప్పటి ఫోటోలు హాలువీ, పడగ్గదివీ ఉన్నాయి, వంటింటివి లేవు. కాబట్టి సింక్ వదిలేస్తున్నాను. మూల మచ్చల దగ్గర మాత్రం పేచీ ఉంది. బయట గోడ కారుతోందని వాళ్ళంటున్నారు. కిటికీలు తెరవకుండా లోపలే బట్టలు ఆరేస్తున్నారని నా వాదన. ఎవరిది నిజమో ఎలా తేల్చాలి?

చెమ్మగోడ:

వాదించుకోనక్కర్లేదు, గోడనే అడగండి. మచ్చలున్న చోట గోడని తుడిచి, హెయిర్ డ్రయ్యర్‌తో పైపైన ఆరబెట్టండి. అరచేతికి రెండింతలున్న అల్యూమినియం రేకు తీసుకుని నాలుగు అంచులూ గాలి దూరకుండా టేప్ వేసి అతికించండి. ఒకటి రెండు రోజులు ఆగండి. గది వైపు ఉన్న ముఖం మీద నీటి బిందువులుంటే ఆ తడి గదిలోని గాలిది. రేకు తీశాక గోడకి ఆనిన వైపు తడిగా ఉంటే తడి గోడలోంచి వస్తోంది. వాళ్ళ ఎదురుగా అతికించి, వాళ్ళ ఎదురుగా తీయండి. మామూలుగా ఎలా ఉంటున్నారో అలాగే ఉండమనండి.

కంటితో కూడా కొంత పట్టొచ్చు. లోపలి తేమ అయితే మచ్చలు చల్లటి బయటి గోడ మూలల్లో, బీరువా వెనక, గాలి ఆడని చోట చుక్కలు చుక్కలుగా వస్తాయి, అంచు స్పష్టంగా ఉండదు. పైనుంచో గొట్టం నుంచో కారేదైతే గోధుమ రంగు చుట్టుగీత ఉంటుంది, వాన పడ్డాక పెద్దదవుతుంది. నేలలోంచి ఎక్కే చెమ్మ అయితే గోడ పొడుగునా ఒక మట్టం దాకా వచ్చి ఆగుతుంది, సాధారణంగా మీటరు లోపే. ఆ పై అంచున తెల్లటి ఉప్పు పొడి, ప్లాస్టర్ రాలడం కనబడతాయి. మీది మోకాలి ఎత్తు అన్నారు కాబట్టి ఉప్పు ఉందేమో వేలితో రాసి చూడండి.

గది 20 డిగ్రీలు, తేమ 60 శాతం ఉంటే 12 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ గోడ మీదైనా నీళ్ళు కూర్చుంటాయి. ఒక విడత బట్టలు గదిలో ఆరితే దాదాపు 2 లీటర్ల నీళ్ళు ఆ గాలిలోకే పోతాయి. మీ అనుమానం ఊరికే కొట్టిపారేసేది కాదు. అయితే ఆ గదికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ లేదు, కిటికీ బిగుసుకుపోయి తెరుచుకోదు అంటే తప్పు మొత్తం వాళ్ళ మీద తోయలేరు. తేమ చూపించే చిన్న మీటర్ ఒకటి గోడకి తగిలించి వదిలేయండి. 60 దాటితే ఫ్యాన్ వేయాలని వాళ్ళకే కనబడుతుంది.

బూజు ఒక చదరపు మీటరు లోపే ఉంటే మాస్క్, గ్లోవ్స్ వేసుకుని సబ్బు నీళ్ళతో రుద్ది, పూర్తిగా ఆరబెట్టి, అప్పుడు రంగు. బ్లీచ్ వేస్తే మచ్చ తెల్లబడుతుంది గానీ ప్లాస్టర్ లోపలి వేరు పోదు. కారణం పోకుండా పైన రంగు వేస్తే ఆరు నెలల్లో పైకొస్తుంది, అప్పుడు కొత్త టెనెంట్‌తో మొదటి గొడవ అదే.

అద్దెలెక్క:

అందరూ గోడల గురించి చెప్పారు, మనుషుల సంగతి నేను చెప్తాను. మూడు ఇళ్ళున్నవాళ్ళకి ఒక ఇల్లు నెల ఖాళీగా ఉంటే ఆ ఇంటి ఏడాది ఆదాయంలో 8.3 శాతం పోయినట్టు. 5 శాతం ఎక్కువ అద్దె వస్తుందని ఒక నెల ఎదురుచూస్తే ఆ నెల తిరిగి రావడానికి 20 నెలలు పడుతుంది. డిపాజిట్ తగాదాలో పోయేది దీని ముందు చాలాసార్లు చిన్నదే.

కొత్తవాళ్ళని చూసేటప్పుడు: ఆదాయం అద్దెకి మూడింతలు అనేది అందరూ వాడే కొలత. మూడు నెలల జీతం స్లిప్పులు ఒక్కటే చూడకండి, అదే మొత్తం బ్యాంకు స్టేట్‌మెంట్‌లో అదే తేదీకి పడిందా చూడండి. సొంత వ్యాపారమైతే పన్నెండు నెలల స్టేట్‌మెంట్ తీసుకుని అందులో తక్కువ వచ్చిన మూడు నెలలు లెక్కలోకి తీసుకోండి. ఇప్పటి ఓనర్‌కి కాదు, అంతకు ముందటి ఓనర్‌కి ఫోన్ చేయండి. ఇప్పటాయన వాళ్ళు ఎప్పుడు పోతారా అని చూస్తున్నవాడైతే పొగిడి పంపిస్తాడు. అడగాల్సినవి రెండే ప్రశ్నలు: మళ్ళీ ఇస్తారా? డిపాజిట్ ఎంత తిరిగి ఇచ్చారు? ఈ కొలతలన్నీ ముందే కాగితం మీద రాసుకుని వచ్చిన ప్రతివాళ్ళకీ ఒకేలా వాడండి. ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా వాడితే వివక్ష కేసుకి మీరే ఆధారం తయారు చేసినట్టు.

డబ్బు బ్యాంకులో పడేదాకా తాళాలు ఇవ్వకండి. చెక్కు చేతికొచ్చింది వేరు, డబ్బు పడింది వేరు.

అద్దె ఆలస్యమైతే వాయిదా వెయ్యకండి. గడువు దాటిన మూడో రోజు మెసేజ్, ఐదో రోజుకి రాతపూర్వక నోటీసు. మొహమాటపడి రెండో నెల దాకా ఆగితే గోరుతో పోయేది గొడ్డలి దాకా వస్తుంది. సగం ఇస్తే "బకాయిలో భాగంగా మాత్రమే" అని రసీదులో రాయండి. నోటీసు ఇచ్చాక సగం తీసుకుంటే కొన్ని చోట్ల నోటీసు చెల్లకుండా పోతుంది, తీసుకునే ముందు లాయర్ని అడగండి. ఎంత కోపమొచ్చినా తాళం మార్చడం, కరెంటు కట్ చెయ్యడం, సామాను బయట పెట్టడం చెయ్యకండి. బాకీ పడ్డది వాళ్ళయినా కేసులో ముద్దాయి మీరవుతారు.

రిజర్వ్ గురించి, అంటే రిపేర్లకని నెలనెలా పక్కన పెట్టే డబ్బు గురించి, ఒక ముక్క. శాతాల కంటే వస్తువు వారీగా వేసుకోండి. రంగుకి రెండు నెలల అద్దె ఖర్చయి ఐదేళ్ళకోసారి వస్తుందంటే 60 నెలలకి పంచితే నెల అద్దెలో 3.3 శాతం. గీజర్, తలుపులు, గొట్టాలు ఇలాగే వేసి కూడితే వచ్చే అంకె చూసి చాలామంది ఉలిక్కిపడతారు.

పానా_నంబర్_పది:

ఖాళీగా ఉన్న వారంలో చెయ్యమని నేను చెప్పిన పనులకి తోడు, ఆరు నెలలకోసారి ఇల్లు తనిఖీ చెయ్యండి. మొదటిది మాత్రం మూడో నెలలోనే.

అద్దెలెక్క:

మూడో నెలా, ఆ తర్వాత ఆరు నెలలకోసారీ ఒప్పుకుంటాను. నెలనెలా వెళ్ళేవాళ్ళు ఉన్నారు, అది తనిఖీ కాదు కాపలా, మంచివాళ్ళే ముందు ఖాళీ చేస్తారు. కనీసం 24 గంటల ముందు చెప్పి, పదిహేను నిమిషాల్లో ముగించండి. చూడాల్సింది వాళ్ళ సామాను కాదు: సింక్ కింద, మెషీన్ వెనక, కమోడ్ మొదలు దగ్గర నేల, కిటికీ మూలలు, నల్లబడ్డ సాకెట్లు, స్మోక్ అలారం బటన్. అలారం వెనక తయారీ తేదీ ఉంటుంది, పదేళ్ళు దాటితే మార్చేయండి.

గోడగడియారం:

ఒకటి మర్చిపోయాను. ఈసారి రంగు వేయించినప్పుడు డబ్బా మూత మీదున్న షేడ్ కోడ్, ఫినిష్ (మెరుపుదా, మెరుపు లేనిదా), తేదీ ఫోటో తీసుకుని, ఒక లీటరు పక్కన పెట్టించండి. అదే డబ్బా, అదే ఫినిష్ లేకపోతే చిల్లు పూడ్చిన చోట రంగు పెట్టినా మచ్చగా కనబడి గోడంతా వెయ్యాల్సి వస్తుంది. సిగరెట్ పొగ పట్టిన గది అయితే మామూలు నీటి రంగు వెయ్యొద్దు, పసుపు జిడ్డు దాంట్లోంచి పైకొస్తుంది. ముందు గోడ కడిగి, మరకల్ని ఆపే ప్రైమర్ ఒక కోటు వెయ్యాలి. పెంపుడు జంతువులు తడిపిన చెక్క నేలకీ అంతే, మొదట ఎంజైమ్ క్లీనర్, ఆరాక షెల్లాక్ (లక్కతో చేసిన) ప్రైమర్.

తాళంగుత్తి:

రేకు నిన్న రాత్రి వాళ్ళ ముందే అతికించాం, టేప్ మీద తేదీ రాసి ఇద్దరం సంతకం పెట్టాం. వేలితో రాస్తే ఉప్పు పొడి మాత్రం తగల్లేదు. ఎల్లుండి తీసి చెప్తాను.